నోరు లేని ముద్దాయి

(సభకు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు తీసేశాం, మాటలు ప్రసంగించిన లాయరుగారివే.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? ఈ మైకు కొంచెం గురగురమంటోంది. వినబడుతోందా? సరే.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు కోర్టుల్లో జరిగిన పేరుమోసిన క్రిమినల్ కేసుల గురించి మాట్లాడతానని నేనంటే, మన సెక్రటరీ గారు నవ్వి "మన కేసులే మనకి తెమలట్లేదు సార్, ఆ తెల్లవాళ్ళ కేసులెందుకు" అన్నారు. నిజమే. కానీ మనం రోజూ వాడుతున్న చాలా మాటలు, చాలా పద్ధతులు అక్కణ్ణించి వచ్చినవే కదా. వచ్చాయని తెలుసు. ఎలాంటి చోటు నించి వచ్చాయో మాత్రం మనం పెద్దగా పట్టించుకోలేదు.

ముందు కుడుముల గురించి చెప్తాను. అవును, కుడుములే. నవ్వకండి, ఆ కుడుముల మీదే ఒక పిల్లని ఉరి తీశారు.

1815 మార్చి 21. లండన్‌లో చాన్సరీ లేన్ అనే వీధి. వకీళ్ళ వీధి అది. అక్కడ టర్నర్ అని ఒక కుటుంబం, కోర్టు కాయితాలకి నకళ్ళు రాయించి ఇచ్చే వ్యాపారం వాళ్ళది. ఆ ఇంట్లో వంటమనిషి ఎలైజా ఫెనింగ్. ఇరవై దాటి ఒకటి రెండేళ్ళు, అంతే. ఆ రోజు భోజనానికి డంప్లింగ్స్ చేసింది. పిండి పులియబెట్టి, ముద్దలు చేసి, ఉడకబెట్టేవి. మన కుడుముల్లాంటివి అనుకోండి. ఆ రోజు ఆ పిండి పొంగలేదు. ముద్దలు నల్లగా, బరువుగా వచ్చాయి. తిన్న ముగ్గురికీ, అంటే యజమానికీ, ఆయన భార్యకీ, ఆయన తండ్రికీ కడుపులో మంట, వాంతులు. వంటింట్లో ఓ ముక్క నోట్లో వేసుకున్న కుర్ర గుమాస్తాకీ వాంతులు. వండిన ఎలైజా కూడా తిన్నది, ఆవిడకీ వాంతులు.

ఎవరూ చనిపోలేదు. మళ్ళీ చెప్తున్నాను, ఎవరూ చనిపోలేదు. తిన్న ఐదుగురూ కోలుకున్నారు. కోలుకున్న ఐదుగురిలో ఒకర్ని ఉరి తీశారు.

మరి సాక్ష్యం ఏమిటి? చూడండి. ఆఫీసు గదిలో తాళం వెయ్యని ఒక సొరుగు ఉంది. అందులో ఎలకల కోసం తెచ్చిన పాషాణం, అంటే ఆర్సెనిక్, పొట్లం, మీద 'విషం' అని రాసి పెట్టారు. ఆ పొట్లం రెండు వారాల కిందట కనబడకుండా పోయింది. అదే సొరుగులో చిత్తుకాయితాలు ఉంటాయి, పొయ్యి ముట్టించడానికి ఎలైజా అక్కణ్ణించే తీసుకుంటుంది. కోర్టులో అడిగారు, ఈ అమ్మాయికి చదవడం వచ్చా అని. బాగా వచ్చు అన్నారు. అయిపోయింది! చదువొచ్చిన వంటమనిషి కాబట్టి పొట్లం మీద రాసింది చదివే ఉంటుంది, చదివింది కాబట్టి తీసే ఉంటుంది. చదువు రాకపోయినా బతికిపోయేదేమో.

ఇంకోటి. కుర్ర గుమాస్తా వంటింట్లోకి వచ్చి ఆ కుడుము తుంచబోతే "తినకు, చల్లారిపోయింది, బరువుగా ఉంది, ఒంటికి మంచిది కాదు" అందిట. ఇది ఆవిడ మీద సాక్ష్యం! నేను అడుగుతున్నా, ఇక్కడున్న ఆడవాళ్ళు చెప్పండి, సరిగ్గా కుదరని వంట ఎవరైనా తినబోతే మీరు అనే మాట ఇదేనా కాదా? ఆ... అదే. పిండి కుదరలేదని సిగ్గుపడి అన్న మాట అనుకుంటే ఒక అర్థం, విషం కలిపానని తెలిసి అన్న మాట అనుకుంటే ఇంకో అర్థం. ఆ రెండో అర్థాన్ని కోర్టు పట్టుకుంది. మొదటి అర్థం కూడా ఉందయ్యా అని జ్యూరీకి, అంటే దోషా కాదా తేల్చే మామూలు మనుషులకి, చెప్పడానికి ఒక మనిషి లేడు.

డాక్టరుగారు ఒకాయన వచ్చి, పిండి కలిపిన గిన్నె కడిగి చూస్తే అడుగున తెల్లటి పొడి తేలిందన్నాడు. ముద్దలు కోసిన కత్తులు నల్లబడ్డాయి, పాషాణం వల్లే అలా అవుతుందన్నాడు. పాషాణానికి కత్తులు నల్లబడవు. ఇది ఇవాళ మనకి తెలుసు, ఆ రోజుల్లో రసాయనశాస్త్రం తెలిసినవాడెవడైనా చెప్పగలిగేవాడు. అయితే ఎవరు చెప్పాలి? దానికి మూడు వారాల ముందు యజమానురాలు ఈ అమ్మాయిని ఏదో విషయంలో మందలించి, పనిలోంచి తీసేస్తానందిట. అదీ కారణం. మందలించినందుకు ఇంటిల్లిపాదినీ చంపాలనుకుందని, చంపడానికి చేసిన వంట తనే తిన్నదని.

ఏప్రిల్ 11న ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ. ఆ అమ్మాయి చెప్పుకున్నదేమిటో తెలుసా? నేను నిర్దోషిని, నిజంగా నిర్దోషిని, ఆ ఇంట్లో నాకు హాయిగానే ఉండేది. నాలుగు ముక్కలు. మనం సెషన్స్ కోర్టుల్లో రోజూ వింటాం కదా, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో పాత సెక్షన్ 313, ఇప్పుడు కొత్త చట్టంలో 351 అయింది, ముద్దాయి చెప్పుకునే ఆ స్టేట్‌మెంట్ రికార్డు చేసేటప్పుడు జడ్జిగారు అరవై ప్రశ్నలు వేస్తే అరవైకీ "అబద్ధమండీ", "నాకు తెలీదండీ" అంటాడు ముద్దాయి. నేను ప్రాక్టీసులోకి వచ్చిన కొత్తలో ఒక లీగల్ ఎయిడ్ కేసులో ఓ ముసలాయన ప్రతి ప్రశ్నకీ "తమరికి తెలీందేముందండీ" అన్నాడు, జడ్జిగారికి దాన్ని ఎలా రాసుకోవాలో అర్థం కాలేదు. ఇప్పుడు తేడా ఏమిటంటే, ముసలాయన అలా అన్నా ఫరవాలేదు, తర్వాత లేచి వాదించడానికి నేనున్నాను. ఎలైజా తర్వాత లేచి వాదించేవాడు లేడు. లాయరు లేక కాదు సుమా. లాయరు ఉన్నాడు. డబ్బిచ్చి పెట్టుకున్న లాయరే. కానీ ఆయన నోరు కట్టేసి ఉంది.

ఇది కొంచెం నెమ్మదిగా చెప్పాలి. ఇవాళ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

ఆ రోజుల్లో ఇంగ్లండులో ఉరిశిక్ష పడే నేరాలు దాదాపు రెండు వందలు. హత్య, దోపిడీ, దొంగతనం, ఇలాంటి పెద్ద నేరాల్లో ముద్దాయి తరఫు లాయరు సాక్షుల్ని క్రాస్ చెయ్యొచ్చు, అంటే ఎదురు ప్రశ్నలు వెయ్యొచ్చు, చట్టం పాయింటు ఏదైనా ఉంటే జడ్జిగారితో వాదించొచ్చు, అక్కడితో సరి. జ్యూరీ వైపు తిరిగి "అయ్యా, ఈ సాక్ష్యంలో ఇదీ లోపం" అని ఒక్క ముక్క అనకూడదు. ఆర్గ్యుమెంట్స్ లేవు. ముద్దాయి తనే చెప్పుకోవాలి. పోనీ అతన్నైనా ప్రమాణం చేయించి సాక్షిగా విన్నారా అంటే అదీ లేదు, ఆ హక్కు అందరికీ వచ్చింది 1898లో. అప్పీలుకి పోదామంటే అప్పీలు కోర్టే లేదు, అది వచ్చింది 1907లో.

తమాషా ఏమిటంటే చిన్న నేరాలకి ఈ నిషేధం లేదు. ఎవడినో తిట్టావనో, చిల్లర మోసం చేశావనో కేసు పెడితే నీ లాయరు గంటలకొద్దీ మాట్లాడొచ్చు. రాజద్రోహం కేసులో కూడా మాట్లాడొచ్చు, 1696 నుంచీ. ఎందుకంటే రాజద్రోహం కేసులు పడేది పెద్దింటివాళ్ళ మీద కదా! మధ్యలో ఉన్న దొంగ, కూలీ, వంటమనిషి... వీళ్ళ ప్రాణం పోయే కేసులో మాత్రం లాయరు నోరు విప్పకూడదు. తమ్ముడూ, నువ్వు నవ్వుతున్నావు కానీ దీనికి వాళ్ళ దగ్గర ఒక సమాధానం ఉంది. జడ్జిగారే ముద్దాయికి వకీలు అనేవాళ్ళు. నిజం చెప్పడానికి ఏ లాయరు తెలివీ అక్కర్లేదు, నిర్దోషి మాట సూటిగా వస్తుంది, దోషి మాట తడబడుతుంది, జ్యూరీ ఇట్టే పట్టేస్తుంది అనేవాళ్ళు. బోనెక్కినవాళ్ళని చూసిన మీకు నేను చెప్పక్కర్లేదు, ఎక్కువ తడబడేది ఎవరో.

ఎలైజాకి వకీలు కావాల్సిన ఆ జడ్జి, లండన్ రికార్డరు సర్ జాన్ సిల్వెస్టర్, జ్యూరీకి చెప్పిన మాటలన్నీ ఆమెకి వ్యతిరేకంగానే నడిచాయి. జ్యూరీకి నిమిషాలు చాలాయి. జులై 26న న్యూగేట్ జైలు ముందు ఉరి. తెల్లటి బట్టలు కట్టుకుని వచ్చింది. ఆఖరి మాట కూడా నిర్దోషిననే. శవయాత్ర వెనక వేలమంది నడిచారు. విలియం హోన్ అనే పత్రికాయన కేసంతా తవ్వి అచ్చు వేశాడు. అంటే కోర్టులో ఎవరూ చెయ్యని వాదన, ఆమె పోయాక కాయితం మీద జరిగింది.

మూడేళ్ళు వెనక్కి వెళ్దాం. జాన్ బెల్లింగమ్. ఇది త్వరగా చెప్పేస్తాను, చాలామందికి తెలిసే ఉంటుంది. 1812 మే 11, సోమవారం, పార్లమెంటు లాబీలో ప్రధానమంత్రి స్పెన్సర్ పెర్సివల్‌ని పిస్తోలుతో కాల్చేశాడు. ఈ రోజు దాకా హత్యకి గురైన బ్రిటిష్ ప్రధాని ఆయన ఒక్కడే. బెల్లింగమ్ లివర్‌పూల్ వ్యాపారి, రష్యాలో అప్పుల గొడవలో జైల్లో పడ్డాడు, అక్కడి మన రాయబారి, అదే బ్రిటిష్ రాయబారి, ఆదుకోలేదు, తిరిగొచ్చాక సర్కారు పరిహారం ఇవ్వలేదు. అదీ అతని కక్ష. శుక్రవారం విచారణ. అతని లాయరు ఆలీ అని (పేరు చూసి మనవాడనుకోకండి, పీటర్ ఆలీ), లేచి, ఇతనికి మతి చలించింది, చిన్నప్పట్నించీ తెలిసినవాళ్ళు లివర్‌పూల్‌లో ఉన్నారు, వాళ్ళని పిలిపించడానికి వాయిదా ఇవ్వండి అని అడిగాడు. ఇవ్వలేదు. మనం కాపీలు అందలేదని మూడు వాయిదాలు తీసుకుంటాం! ఇక అతనే లేచి తన రష్యా బాధలన్నీ చెప్పుకున్నాడు, పైగా నాకు పిచ్చి లేదన్నాడు. లాయరు చెప్పదలచుకున్నది ఒకటి, ముద్దాయి చెప్పింది దానికి పూర్తిగా వ్యతిరేకం. మళ్ళీ సోమవారానికి ఉరి. సోమవారం నుంచి సోమవారం, ఒక్క వారం.

ఇప్పుడు కొంచెం నవ్వుకునే కేసు. నవ్వుకునేదంటే పాపం, చచ్చిపోయిన పిల్ల గురించి నవ్వకూడదు, కానీ చట్టం గురించి నవ్వొచ్చు. 1817 మే 27 తెల్లవారుజాము. బర్మింగ్‌హామ్ దగ్గర ఎర్డింగ్టన్ అనే ఊళ్ళో మేరీ ఆష్‌ఫర్డ్ అనే ఇరవయ్యేళ్ళ అమ్మాయి నీళ్ళ గుంటలో శవమై కనబడింది. ముందురోజు రాత్రి డాన్సుకి వెళ్ళింది, ఆఖర్న ఆమెతో ఉన్నది అబ్రహాం థార్న్‌టన్, తాపీ పనివాడు. ఆగస్టులో వారిక్‌లో విచారణ. ఇందులో లాయర్లు ఆర్గ్యుమెంట్స్ చెప్పలేకపోయినా ఒక తెలివైన పని చేశారు, సాక్షుల చేతే కథ చెప్పించారు. ఫలానా వేళకి థార్న్‌టన్ ఫలానా పొలం దగ్గర నింపాదిగా నడిచి వెళ్తుంటే చూశామని ఒకరి తర్వాత ఒకరు. ఊరికో గడియారం, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తుంది, వాటన్నిటినీ సరిపోల్చి లెక్కలు వేశారు. గుంట దగ్గర్నించి అక్కడికి ఆ టైముకి రావడం కుదరదని తేలింది. జ్యూరీకి ఆరు నిమిషాలు పట్టింది. నిర్దోషి.

జనం ఒప్పుకోలేదు. అప్పుడెవరో పాత చట్టం ఒకటి బయటికి తీశారు. హత్యకి గురైన మనిషి వారసుడు, కోర్టు వదిలేసినవాడి మీద, మళ్ళీ సొంతంగా కేసు వెయ్యొచ్చు. మేరీ అన్న విలియమ్ వేశాడు. కేసు వెస్ట్‌మిన్‌స్టర్‌లో కింగ్స్ బెంచ్ కోర్టుకి వచ్చింది. ముద్దాయిని నిలబెట్టి, దోషివా కాదా అని అడిగితే, థార్న్‌టన్ ఏమన్నాడు? "కాదు, నా ఒంటితో పోరాడి రుజువు చేసుకుంటాను" అని ఒక తోలు తొడుగు చేతికి వేసుకుని, రెండోది కోర్టు మధ్యలో విసిరేశాడు. కుస్తీకి రమ్మని! అతని లాయర్లు ఇంకా పాత చట్టం తవ్వారన్నమాట. అలాంటి కేసులో ముద్దాయికి ద్వంద్వ యుద్ధం కోరుకునే హక్కుంది. ఇద్దరూ కర్ర, తోలు డాలు పట్టుకుని పొద్దు పొడిచిన దగ్గర్నించి నక్షత్రాలు కనబడేదాకా కొట్టుకోవాలి. అప్పటిదాకా ఓడకుండా నిలబడితే ముద్దాయి గెలిచినట్టు.

1818లో ఇది! ఆవిరి యంత్రాల కాలంలో! చీఫ్ జస్టిస్ లార్డ్ ఎలెన్‌బరో... ఈ పేరు గుర్తుపెట్టుకోండి, విషం పెట్టి చంపబోయినా ఉరే అని 1803లో చట్టం తెచ్చింది ఈయనే, ఎలైజాని ఉరి తీసింది ఆ చట్టం కిందే. ఆయన ఏమన్నాడంటే, చట్టం ఎలా ఉందో అలా చెప్పడం మా పని, ఎలా ఉంటే బాగుండునని మేము కోరుకుంటామో అలా చెప్పడం కాదు. కుస్తీకి హక్కుంది అని తీర్పు. విలియమ్ ఆష్‌ఫర్డ్ బక్కపలచటి మనిషి, థార్న్‌టన్ కండ పట్టిన తాపీ మేస్త్రీ. కేసు వదులుకున్నాడు. మరుసటి ఏడాది, 1819లో, పార్లమెంటు ఆ రెండు పాత చట్టాల్నీ తీసేసింది. కుస్తీ హక్కు తీసెయ్యడానికి ఒక ఏడాది పట్టింది. లాయరుకి మాట్లాడే హక్కివ్వడానికి ఇంకా పదిహేడేళ్ళు.

ఐర్లండుకి వెళ్దాం. అక్కడా ఇదే పద్ధతి. 1803లో, బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ రాబర్ట్ ఎమ్మెట్ కేసు మీరు వినే ఉంటారు, ఉరికి ముందు బోనులోంచి ఇచ్చిన ప్రసంగం, నా దేశం మిగతా దేశాల సరసన నిలబడేదాకా నా సమాధి మీద ఏమీ రాయొద్దన్న మాట. పాతికేళ్ళ కుర్రాడు. జడ్జి నార్బరీ మధ్యమధ్య అడ్డు తగులుతూనే ఉన్నాడు. ఆ ప్రసంగం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను పక్కనున్న మనిషి గురించి చెప్తాను. ఎమ్మెట్ తరఫు లాయరు లెనర్డ్ మెక్‌నాలీ. రాజద్రోహం కేసు కాబట్టి ఇందులో లాయరు మాట్లాడొచ్చు, ఎమ్మెట్టే వద్దన్నాడు. ఆ మెక్‌నాలీ తిరుగుబాటుదారుల కేసులు చాలా చూసేవాడు, వాళ్ళకి ఆప్తుడు. 1820లో పోయాడు. పోయాక ఇంట్లోవాళ్ళు, ఆయనకి ఏటా వచ్చే మూడు వందల పౌండ్లు మాకు కొనసాగించండి అని సర్కారుకి అర్జీ పెట్టుకున్నారు. ఏ మూడు వందలు? అప్పుడు బయటపడింది, ముద్దాయిలు తనతో చెప్పుకున్నవన్నీ ఏళ్ళ తరబడి సర్కారుకి చేరవేసి తీసుకున్న జీతం అది. కంచే చేను మేసింది. మన వృత్తిలో ఇంతకంటే పాడు మాట నేను వినలేదు.

ఓకానెల్ కేసు

సరే, ఆ చేదు పోవడానికి డేనియల్ ఓకానెల్. ఐర్లండు కాథలిక్కులకి పార్లమెంటు తలుపు తెరిపించిన నాయకుడని చదువుకున్నాం. కానీ అన్నం పెట్టింది క్రాస్ ఎగ్జామినేషన్. ఆర్గ్యుమెంట్ చెప్పనివ్వకపోతే ఏం చేస్తాడు లాయరు? తను చెప్పదలచుకున్నదంతా ప్రశ్నల్లో దూరుస్తాడు. మనం ఇవాళ చేసే క్రాస్ పుట్టింది ఆ ఇరుకులోంచే అని నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఓకానెల్ గురించి ఒక కథ చెప్తారు. హత్య జరిగిన చోట టోపీ దొరికింది, అది ముద్దాయిదే అని సాక్షి ఒట్టేసి చెప్పాడు. ముద్దాయి పేరు జేమ్స్. ఓకానెల్ ఆ టోపీ చేతిలోకి తీసుకుని లోపలికి చూస్తూ ఒక్కో అక్షరం చదివాడు. జె... ఎ... ఎమ్... ఇ... ఎస్. "నీకు దొరికినప్పుడు ఈ పేరు ఇందులో ఉందా?" "ఉందండి." "ఇదే టోపీయా?" "ఇదేనండి." టోపీ జడ్జిగారికి ఇచ్చాడు. "చూడండి మై లార్డ్, ఇందులో ఏ పేరూ లేదు." ఇదయ్యా క్రాస్ అంటే! మనవాళ్ళు నలభై పేజీలు చేస్తారు, "మీరు చెప్పేది అబద్ధం అంటాను" అని ముగిస్తారు.

డొనరైల్ కేసు మాత్రం కథ కాదు. 1829 అక్టోబరు, కార్క్ పట్నం. భూస్వాముల్ని చంపడానికి కుట్ర చేశారని రైతుల మీద కేసు. సర్కారు వాళ్ళని బ్యాచీలుగా విడగొట్టింది. మొదటి బ్యాచీలో నలుగురు, వాళ్ళలో జాన్ లియరీ డెబ్భై ఏళ్ళ ముసలాయన. నలుగురికీ ఉరిశిక్ష పడింది. సాక్ష్యం ఎక్కువగా ఇన్‌ఫార్మర్ల మాటే. మిగిలినవాళ్ళకీ గంట మోగినట్టే. అప్పుడు ఊళ్ళోవాళ్ళు విలియం బర్క్ అనే రైతుని గుర్రం ఎక్కించి పంపారు. ఓకానెల్ ఇల్లు డెరినేన్, సముద్రం ఒడ్డున, కొండల అవతల, దాదాపు తొంభై మైళ్ళు. రాత్రంతా స్వారీ. పొద్దున్నే వెళ్ళి చెప్పాడు, మీరు రాకపోతే అందరూ పోతారు అని. ఓకానెల్‌కి యాభై నాలుగేళ్ళు, సెలవుల్లో ఇంటి దగ్గరున్నాడు. బండి కట్టించుకుని బయల్దేరాడు.

కోర్టుకి చేరేసరికి విచారణ నడుస్తోంది. సొలిసిటర్ జనరల్ డోహర్టీ జ్యూరీతో మాట్లాడుతున్నాడు (సర్కారు లాయరు మాట్లాడొచ్చు, గమనించండి). ఓకానెల్ ప్రయాణపు బట్టల్తో వచ్చి కూర్చున్నాడు. ఆకలి. ఇక్కడే తింటానని జడ్జీల్ని అడిగి రొట్టె, పాలు తెప్పించుకున్నాడు. నోటినిండా రొట్టె పెట్టుకుని, అవతలాయన ఏదో అంటే, "అది చట్టం కాదు!" అని అరిచాడు. ఇంకోసారి "అదీ చట్టం కాదు!" రెండుసార్లూ జడ్జీలు ఈయనే కరెక్టన్నారు. నాకు ఈ దృశ్యం ఎంతిష్టమో! ఆర్గ్యుమెంట్ చెప్పే హక్కు లేనివాడు నోటినిండా రొట్టెతో ఆర్గ్యుమెంట్ చెప్పాడు.

తర్వాత పాట్రిక్ డాలీ అనే ఇన్‌ఫార్మర్ బోనెక్కాడు. అతను అంతకుముందు మేజిస్ట్రేటు దగ్గర ఇచ్చిన వాంగ్మూలం ఈసారి బయటికి వచ్చింది. కోర్టులో చెప్పేదానికీ దానికీ పొత్తు లేదు. మొదటి నలుగురి విచారణలో అది వాళ్ళ చేతికి రానేలేదు. ఓకానెల్ సాక్షుల్ని ఉతికి ఆరేశాడు. రెండో బ్యాచీ జ్యూరీ ఒక మాట మీదకి రాలేకపోయింది, తర్వాతి బ్యాచీని వదిలేశారు. మొదటి నలుగురికీ ఉరి తప్పించి ద్వీపాంతరం వేశారు. మూడు విచారణల్లోనూ ఆరోపణ అదే, కుట్ర కథ అదే. మారింది బల్ల దగ్గర కూర్చున్న మనిషి, చేతికొచ్చిన ఒక కాయితం.

ఎడిన్‌బరో

ఆఖరి కేసు. బర్క్, హేర్. కొందరు లేచిపోతున్నారు, టీ ఇంకా రాలేదండీ, కూర్చోండి, ఇది బాగుంటుంది.

ఇద్దరూ ఐర్లండు నుంచి కాలవ పనులకి స్కాట్లండు వచ్చిన కూలీలు. ఎడిన్‌బరోలో హేర్‌ది ఒక పూటకూలి కొంప. 1827 నవంబరులో అక్కడుండే ఒక ముసలి పింఛనుదారు జబ్బు చేసి పోయాడు, నాలుగు పౌండ్లు అద్దె బాకీ. బాకీ ఎలా వసూలవుతుంది? శవాన్ని డాక్టర్ రాబర్ట్ నాక్స్ అనాటమీ స్కూల్లో అమ్మారు. ఏడున్నర పౌండ్లు వచ్చాయి. చట్ట ప్రకారం కోతకి దొరికేవి ముఖ్యంగా ఉరి తీసిన హంతకుల శవాలే, అవి చాలవు, స్కూళ్ళు పెరిగిపోయాయి. రేటు మంచిగా ఉంది, ఎవరూ అడగట్లేదు. ఇక జబ్బు చేసేదాకా ఆగడం మానేశారు. సారా పోసి, ముక్కూ నోరూ మూసి, ఏడాదిలోపు పదహారుమందిని. 1828 అక్టోబరు ఆఖరున డాకర్టీ అనే ఐరిష్ ముసలమ్మ ఆఖరిది. బర్క్ ఇంట్లో దిగిన గ్రే దంపతులు గడ్డి కింద శవం చూశారు. నోరు మూసుకుంటే వారానికి పది పౌండ్లు ఇస్తామన్నా వినకుండా పోలీసుల దగ్గరికి వెళ్ళారు. పేదవాళ్ళు, పది పౌండ్లంటే వాళ్ళకి ఎంతో. వెళ్ళారు.

కానీ ఊపిరాడక చచ్చిందా, ఎలా చచ్చిందా డాక్టర్లు గట్టిగా చెప్పలేకపోయారు. కేసు నిలవదు. అందుకని ప్రాసిక్యూషన్, శిక్ష పడదని మాటిచ్చి, హేర్‌ని అప్రూవర్‌గా మార్చుకుంది. ఇద్దరు హంతకుల్లో ఒకడు సాక్షి, ఒకడు ముద్దాయి. డిసెంబరు 24 పొద్దున పదికి విచారణ మొదలై, రాత్రంతా నడిచి, క్రిస్మస్ పొద్దున ముగిసింది. ముద్దాయిలు బర్క్, అతనితో ఉంటున్న హెలెన్ మెక్‌డూగల్. హేర్ భార్య సాక్ష్యానికి కోరింత దగ్గుతో ఉన్న పసిబిడ్డని చంకనేసుకుని వచ్చింది, ఇబ్బందైన ప్రశ్న వచ్చినప్పుడల్లా బిడ్డకి దగ్గు.

ఇక్కడే నా అసలు పాయింటు. స్కాట్లండు చట్టం వేరు. అక్కడ ముద్దాయి లాయరు జ్యూరీతో నిండుగా మాట్లాడొచ్చు. ఆ ఊరి పెద్ద లాయర్లు ఈ ఇద్దరి పక్కన నిలబడ్డారు. ఊరంతా రక్తం కళ్ళజూడాలని చూస్తున్న ముద్దాయిల పక్కన! బర్క్‌కి మాన్‌క్రీఫ్, హెలెన్‌కి హెన్రీ కాక్‌బర్న్. మొదట మూడు హత్యలు కలిపి పెట్టిన ఛార్జిని, ఒక్కో హత్యకి ఒక్కో విచారణ జరగాలని వాదించి ఒప్పించారు. కాక్‌బర్న్, పొద్దున్నుంచీ నిలబడి నిలబడి, తెల్లవారుజామున జ్యూరీతో మాట్లాడాడు. ఇంతమందిని చంపిన హేర్ మాట నమ్మి ఒక ఆడదాన్ని ఉరి తీస్తారా అన్నది ఆయన వాదన సారం. మనకి ఎవిడెన్స్ యాక్టులో 114 కింద ఇలస్ట్రేషన్ బి ఉండేది కదా, తోడుదొంగ మాటకి వేరే ఆధారం కావాలని. అదే.

పదిహేనుమంది జ్యూరీ యాభై నిమిషాలు కూర్చుని వచ్చారు. బర్క్ దోషి. హెలెన్ మీద 'రుజువు కాలేదు'. దోషి కాదు అని కాదు, రుజువు కాలేదు. అది అప్పట్లో స్కాట్లండువాళ్ళ మూడో తీర్పు. అప్పుడు బర్క్ ఆమె వైపు తిరిగి, నువ్వు బయటపడ్డావే నెల్లీ అన్నాడట. పదహారు హత్యలు చేసినవాడు. నాకు ఈ మాట ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, చెప్పేశానంతే.

జనవరి 28న బర్క్‌ని ఉరి తీశారు, శవాన్ని కోతకిచ్చారు, అస్థిపంజరం ఎడిన్‌బరో యూనివర్సిటీ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. హేర్ మీద, చనిపోయిన ఒక కుర్రాడి తల్లీ చెల్లెలూ సొంతంగా కేసు వెయ్యబోతే, అప్రూవర్‌కి ఇచ్చిన మాట తప్పడానికి వీల్లేదని కోర్టు కొట్టేసింది. వదిలేశారు. 1832లో అనాటమీ చట్టం వచ్చి శవాల వ్యాపారం ఆగింది. డాక్టర్ నాక్స్‌ని సాక్షిగానైనా పిలవలేదు.

హెలెన్ మీద ఉన్న అనుమానం ఎలైజా మీద ఉన్నదానికంటే పదింతలు. హెలెన్ ఇంటికి వెళ్ళింది. నేను హెలెన్ మంచిదని చెప్పట్లేదు. ఎలైజా కచ్చితంగా నిర్దోషి అని కూడా చెప్పట్లేదు, నాకు అలా అనిపిస్తుంది, అంతే. ఒకామె పక్కన కాక్‌బర్న్ మాట్లాడాడు, ఒకామె లాయరు కూర్చునే ఉన్నాడు.

ఇంగ్లండులో చట్టం మారింది 1836లో. పెద్ద నేరాల్లోనూ ముద్దాయి లాయరు జ్యూరీతో మాట్లాడొచ్చు, సాక్షులు మేజిస్ట్రేటు దగ్గర ఇచ్చిన వాంగ్మూలాల నకళ్ళు ముద్దాయికి ఇవ్వాలి. డాలీ కాయితం గుర్తుందిగా? అదే. విచిత్రంగా అదే ఏడాది జేమ్స్ మార్ష్ అనే రసాయనవేత్త, తిండిలో పాషాణం రవ్వంత ఉన్నా పట్టే పరీక్ష ప్రచురించాడు. ఎలైజాకి రెండూ ఇరవై ఒక్క ఏళ్ళు ఆలస్యం.

ఆ బిల్లుని పదిహేనుమంది జడ్జీల్లో పన్నెండుమంది వద్దన్నారని చెప్తారు. లాయర్లు మాట్లాడితే కోర్టులు తెమలవని వాళ్ళ టెన్షన్. జస్టిస్ పార్క్ అని ఒకాయన, ఈ చట్టం వస్తే రాజీనామా చేసేస్తానన్నాడట.

చట్టం వచ్చింది. ఆయన రాజీనామా చెయ్యలేదు.

టీ వచ్చేసినట్టుంది. ప్రశ్నలు తాగుతూ అడగండి.